పట్టాకూ పరిశ్రమకూ నడుమ

‘డిగ్రీ అయ్యాక ఏం చేస్తావు?’ రసాయనశాస్త్రమో జీవశాస్త్రమో చదువుకుంటున్న విద్యార్థికి ఈ ప్రశ్న తప్పదు. గుంటూరులో బి.ఎస్సీ. చదివే అమ్మాయి ఇంట్లోనూ, న్యూజెర్సీలో బాచిలర్స్ చేస్తున్న అబ్బాయి ఇంట్లోనూ అది దాదాపు అవే మాటల్లో వినబడుతుంది. వైద్యమూ కంప్యూటర్లూ కాకుండా శాస్త్రాన్నే నమ్ముకుని బతకడానికి దారి ఉన్నదా అన్నది అడిగేవారి అసలు సందేహం. సమాధానం విద్యార్థి తెలివిలోనూ పట్టుదలలోనూ ఉన్నట్టే మనం సాధారణంగా మాట్లాడుతాం. చరిత్ర మాత్రం మరొక సంగతి చెబుతుంది. పట్టా చేతికొచ్చిన మనిషిని పరిశ్రమ దాకా చేర్చే మెట్లను ప్రతి దేశంలోనూ ఎవరో పూనుకుని కట్టవలసి వచ్చింది. ఒకచోట కంపెనీ కట్టింది, ఒకచోట ఉపాధ్యాయుడు, మరొకచోట ప్రభుత్వం. కట్టనిచోట ఎంత ప్రతిభావంతులైనా ఆ ఎత్తును ఎవరికి వారే ఎగబాకవలసి వచ్చింది. ఆ కథలో కొన్ని ఘట్టాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి ఘట్టం లండన్‌లోది. 1845లో అక్కడ రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీ ఏర్పడింది. దానిని నడపడానికి జర్మనీ నుంచి ఆగస్ట్ హాఫ్‌మన్‌ను పిలిపించారు. పదిహేనేళ్ల వయసులో ఆ కళాశాలలో చేరిన విలియం పెర్కిన్ 1856 ఈస్టర్ సెలవుల్లో తన ఇంటి ప్రయోగశాలలో క్వినైన్ తయారు చేయబోయి, ఊదారంగు అద్దకపు రసాయనం ఒకటి కనిపెట్టాడు. అప్పటికి అతని వయసు పద్ధెనిమిది. పేటెంటు తీసుకుని, కళాశాల విడిచి, తండ్రీ అన్నల సాయంతో గ్రీన్‌ఫర్డ్‌లో కార్ఖానా పెట్టాడు. శిష్యుడు పరిశోధన వదిలి వ్యాపారంలోకి దిగడం హాఫ్‌మన్‌కు ఏమాత్రం నచ్చలేదు. విశ్వవిద్యాలయంలో ఉండటమే శాస్త్రసేవ, పరిశ్రమలోకి వెళ్లడం ఒక మెట్టు దిగడం అన్న భావన ఆనాటిదే. అది మన ఇళ్లలో ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కార్ఖానాలో పెర్కిన్‌కు ఎదురైన చిక్కులు కళాశాలలో ఎవరూ నేర్పనివి. కావలసినంత గాఢమైన నత్రికామ్లం అంగట్లో దొరకలేదు. గాజు పాత్రలో సాగిన చర్యను ఇనుప పాత్రలోకి మార్చవలసి వచ్చింది. ఇక్కడున్న చిక్కు ఎంత మౌలికమైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక లీటరు పాత్రను అదే ఆకారంలో వెయ్యి లీటర్లకు పెంచితే లోపలి ద్రవం వెయ్యి రెట్లవుతుంది; వేడి బయటికి పోవలసిన ఉపరితలం మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. అంటే ప్రతి లీటరు ద్రవానికీ దక్కే ఉపరితలం పదో వంతుకు పడిపోతుంది. బల్లమీద నెమ్మదిగా నడిచిన చర్య కార్ఖానాలో పేలిపోవచ్చు. పాఠ్యపుస్తకంలోని సమీకరణం రెండుచోట్లా ఒకటే అయినా, పని ఒకటి కాదు. పట్టాకూ పరిశ్రమకూ నడుమ ఉన్న ఎడం అసలు ఇదే.

పెర్కిన్ ఆ ఎడాన్ని ఒంటరిగా దాటాడు. ముప్ఫై ఆరేళ్ల వయసులో, 1874లో, కార్ఖానా అమ్మేసి తిరిగి పరిశోధనకు మళ్లాడు. తనలాంటివారిని వరసగా తయారుచేసే ఏర్పాటు మాత్రం బ్రిటన్‌లో నిలదొక్కుకోలేదు. హాఫ్‌మన్ 1865లో బెర్లిన్ వెళ్లిపోయాడు. మాంచెస్టర్ కార్ఖానాలో పనిచేసి అనుభవం గడించిన హైన్రిష్ కారో స్వదేశానికి తిరిగి వెళ్లి బి.ఎ.ఎస్.ఎఫ్.లో చేరాడు. 1914లో యుద్ధం మొదలయ్యేనాటికి, ఆ పరిశ్రమ పుట్టిన బ్రిటనే తనకు కావలసిన అద్దకపు రంగుల్లో అధికభాగం జర్మనీ నుంచి కొనుక్కుంటున్నది.

జర్మనీ చేసిన పనులు రెండు. మొదటిది కంపెనీలు చేసినది. 1883లో బాయర్ కంపెనీ డాక్టరేటు ముగించిన యువ రసాయనవేత్తలను కొందరిని తీసుకుని, తన ఖర్చుతో తిరిగి విశ్వవిద్యాలయ ప్రయోగశాలలకు పంపింది. పరిశ్రమకు కావలసిన సమస్య మీద అక్కడ పనిచేసి, ఆ తరువాత కంపెనీలోకి రావాలి. అలా వచ్చినవారిలో కార్ల్ డ్యూస్‌బెర్గ్ ఒకడు. తరువాతి కాలంలో కంపెనీని నడిపించినవాడు అతనే. రెండవది ప్రభుత్వం చేసినది. 1877 నాటి జర్మన్ పేటెంటు చట్టం రసాయన పదార్థానికి కాక, దానిని తయారుచేసే పద్ధతికి మాత్రమే రక్షణ ఇచ్చింది. అదే పదార్థాన్ని మరొక పద్ధతిలో చేయగలిగితే దానిని అమ్ముకోవడానికి అడ్డులేదు. దాంతో ప్రతి కంపెనీకీ రెండు అవసరాలు వచ్చిపడ్డాయి: ఎదుటివాడి పద్ధతికి ప్రత్యామ్నాయం వెతకడం, తన పద్ధతికున్న ప్రత్యామ్నాయాలన్నిటినీ ముందే కనిపెట్టి కాపాడుకోవడం. ఈ రెంటికీ మేధావి ఒక్కడు చాలడు, శిక్షణ పొందినవారు పదుల సంఖ్యలో కావాలి. పారిశ్రామిక ప్రయోగశాలలో నెలజీతపు రసాయనవేత్త అనే వృత్తి స్థిరపడటానికి ఈ చట్టమూ ఒక ముఖ్యకారణం.

ఆ ప్రయోగశాలల ప్రభావం మన నేలనూ తాకింది. 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. కృత్రిమ నీలిమందును మార్కెట్‌లోకి తెచ్చాక బీహారులోనూ, కడప, నెల్లూరు ప్రాంతాల్లోనూ నీలి సాగు క్రమంగా దెబ్బతిన్నది.

అమెరికాలో మెట్టు కట్టింది విశ్వవిద్యాలయమే. 1906లో సిన్సినాటీలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. విద్యార్థి కొంతకాలం తరగతిలో, కొంతకాలం కార్ఖానాలో, వంతులవారీగా గడపాలి. కార్ఖానాలో చేసిన పనికి జీతం ఇవ్వాలి. కో-ఆప్ పేరుతో ఈ దేశంలో నేటికీ సాగుతున్న పద్ధతికి అదే మొదలు. జర్మన్ ఏర్పాటు డాక్టరేటు ఉన్నవారికి ఉద్దేశించినది. డిగ్రీ ఇంకా పూర్తికాని విద్యార్థికి తలుపు తెరవడం ష్నైడర్ చేసిన కొత్తపని.

ఇండియాలో ఆ కాలానికి కంపెనీలూ లేవు, పూనుకునే ప్రభుత్వమూ లేదు. మిగిలినది ఉపాధ్యాయుడు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో రసాయనశాస్త్రం బోధించే ప్రఫుల్ల చంద్ర రాయ్ 1892లో తన అద్దె ఇంట్లో బెంగాల్ కెమికల్ పని మొదలుపెట్టారు. 1901లో అది లిమిటెడ్ కంపెనీ అయింది. పట్టభద్రులు గుమాస్తా కొలువుల కోసం బారులు తీరడం ఆయనను జీవితాంతం బాధించిన విషయం. తెలుగుదేశంలో ఈ దిశగా తొలి గట్టి అడుగు వాల్తేరులో పడింది. 1930లలో టి. ఆర్. శేషాద్రి ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన విభాగానికి వచ్చారు. శుద్ధ రసాయనశాస్త్రంతో పాటు రసాయన సాంకేతికశాస్త్రమూ, ఔషధశాస్త్రమూ అక్కడ వేళ్లూనుకోవడంలో ఆయన కృషి ఉంది. చదువు సిద్ధమైంది గాని, చదివినవారు వెళ్లవలసిన పరిశ్రమ ఇంకా పుట్టలేదు.

ఆ లోటు ఎంత పెద్దదో యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చూస్తే అర్థమవుతుంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు 1923లో బోస్టన్ చేరుకున్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. అది ఈనాటికీ ఇద్దరి పేర్లతోనే చెలామణీ అవుతున్నది. ఆ తరువాత కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టీ.పీ.ల మీద చేసిన పని జీవరసాయనశాస్త్రంలో మైలురాయి. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు.

విశ్వవిద్యాలయం ఇవ్వనిది పరిశ్రమ ఇచ్చింది: ఒక పెద్ద బృందం, దానిని నడిపే అధికారం. కాలేయం నుంచి చిటికెడు పదార్థాన్ని వేరుచేయడానికి టన్నుల లెక్కన ముడిసరుకు కావలసిన రోజుల్లో, ఆ పని విశ్వవిద్యాలయపు బల్లమీద జరిగేది కాదు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజీన్, చిన్నపిల్లల రక్తకాన్సర్‌కు సిడ్నీ ఫార్బర్ వాడిచూసిన అమినాప్టెరిన్ ఆ బృందాల నుంచి వచ్చినవే. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో, సుబ్బారావు కన్నుమూశారు. 1945లో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణను ప్రకటించిన పత్రంలో పదహారు మంది పేర్లున్నాయి; వాటి నడుమ ఎక్కడో ఆయన పేరు కనిపిస్తుంది. ఫిస్క్ పక్కన రెండవ పేరుగా మొదలైన మనిషి ఇరవయ్యేళ్లకు పదహారుగురిలో ఒకరయ్యారు. దీనిని అన్యాయంగానే చూడనక్కరలేదు. పారిశ్రామిక విజ్ఞానంలో పని జరిగే తీరే అది. అందులోకి అడుగుపెట్టేవారు ఈ సంగతిని ముందే తెలుసుకుని ఉండటం మంచిది.

ఆయన స్వదేశంలో లేక వెతుక్కుంటూ పోయిన మెట్లు హైదరాబాదులో నెమ్మదిగా లేచాయి. నిజాం ప్రభుత్వం 1944లో స్థాపించిన పరిశోధనశాల 1956లో సి.ఎస్.ఐ.ఆర్. కిందికి వచ్చి రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సోవియట్ సహకారంతో బాలానగర్‌లో సంశ్లేషిత ఔషధాల కర్మాగారం కట్టింది. వీటికి తోడు మూడవది చట్టం. 1970లో చేసి 1972 నుంచి అమలుచేసిన పేటెంటు చట్టం మందులకు పదార్థం మీద కాక, తయారీ పద్ధతి మీదనే రక్షణ ఇచ్చింది. అదీ ఏడేళ్లకు మించకుండా. దాదాపు వందేళ్ల కిందట జర్మనీలో జరిగినదే ఇక్కడా జరిగింది. తెలిసిన మందుకు కొత్త పద్ధతి కనిపెట్టగలవారికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఎస్సీ. చదివిన కల్లం అంజిరెడ్డి జీవితంలో ఈ మెట్లు వరసగా కనబడతాయి. బొంబాయిలో ఔషధ సాంకేతికశాస్త్రం, పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేటు, 1969 నుంచి 1975 దాకా ఐ.డి.పి.ఎల్.లో ఉద్యోగం, రెండు చిన్న కంపెనీల అనుభవం, 1984లో సొంత సంస్థ. కళాశాల, ప్రభుత్వ ప్రయోగశాల, ప్రభుత్వ కర్మాగారం అన్నీ అందుబాటులో ఉన్నాయి గనుకనే ఆ ప్రతిభకు ఆసరా దొరికింది. ఆయన వెనుక పేర్లు తెలియని వేలమంది బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. పట్టభద్రులు జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు కార్ఖానాల్లో కొలువులు సంపాదించుకున్నారు. నాణ్యత పరీక్షల విభాగంలో నమూనాలు పరీక్షిస్తూ, రాత్రి షిఫ్టుల్లో రియాక్టర్ల ఉష్ణోగ్రతలు నమోదు చేస్తూ, పెర్కిన్ ఒంటరిగా నేర్చుకున్నదాన్ని ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. అదే పటాన్‌చెరు చెరువులూ వాగులూ ఆ పరిశ్రమ వ్యర్థాలతో పాడైన సంగతినీ ఈ లెక్కలోనే రాసుకోవాలి.

కట్టిన మెట్లు కూలిపోవడమూ ఉంది. ఐ.డి.పి.ఎల్. 1992లో ఖాయిలా పరిశ్రమల జాబితాలో చేరింది. 2005లో పదార్థ పేటెంట్లు తిరిగి వచ్చాక, కేవలం కొత్త పద్ధతి కనిపెట్టగల నైపుణ్యం మీదనే ఆధారపడిన పాత గిరాకీ స్వభావం మారింది. తండ్రి ఎక్కిన మెట్టు కొడుకు నాటికి అక్కడే ఉంటుందన్న హామీ లేదు.

కాబట్టి శాస్త్రం చదివే విద్యార్థి ‘ఈ డిగ్రీకి విలువ ఉందా?’ అని అడగడం కంటే, తన కళాశాలకూ పరిశ్రమకూ నడుమ ఏముందో విచారించడం మేలు. ఈ విభాగం నుంచి వేసవిలో ప్రయోగశాలకో కార్ఖానాకో వెళ్లే ఏర్పాటు ఉందా? చేరబోయే చోట పనిని దగ్గరుండి నేర్పే పెద్దలున్నారా? ఒక విభాగం నుంచి మరొక విభాగానికి మారే వీలుందా, లేక పదేళ్లూ ఒకే పరీక్ష చేస్తూ కూర్చోవాలా? తరువాత చదువుకు కంపెనీ ఏమైనా సాయం చేస్తుందా? ఈ ప్రశ్నలు 1883లో ఎంత అవసరమో ఇప్పుడూ అంతే అవసరం.

ఇందులో పెద్దలకూ పని ఉంది. న్యూజెర్సీ, బోస్టన్, ఉత్తర కరొలైనా ఔషధ సంస్థల్లో మధ్యస్థాయిలోనూ పైస్థాయిలోనూ ఈనాడు తెలుగువారు ఉన్నారు. పండుగ కలయికల్లో పక్కింటి పిల్లను ‘డిగ్రీ అయ్యాక ఏం చేస్తావు?’ అని అడిగేవారిలో వారూ ఉంటారు. ఒక వేసవి తమ విభాగంలో ఒక విద్యార్థికి చోటు ఇప్పించడం, ఒక శనివారం కూర్చోబెట్టుకుని తమ పని ఏమిటో వివరించడం వారి చేతిలో ఉన్నవే. ష్నైడర్ మొదలుపెట్టింది కూడా 27 మందితోనే.