మృతుల గుర్తింపులో దంత సాక్ష్యం

మానవ శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం పంటి పైపొర ఎనామెల్. మంటల్లో వేలిముద్రలు చెరిగిపోయినా పళ్లు చాలావరకు నిలుస్తాయి. ఊడినవి, నింపినవి, తొడుగు వేసినవి, వంకరవి అన్నీ కలిపి చూస్తే ఒకరి పలువరుస మరొకరితో సరిపోలదు. దంత సాక్ష్యానికి ఆధారం ఇదే.

1194లో చందావర్ యుద్ధంలో మరణించిన కనౌజ్ రాజు జయచంద్రుడి దేహాన్ని పళ్లను బట్టి గుర్తించారని ప్రతీతి. కోర్టులో ఈ సాక్ష్యానికి విలువ తెచ్చింది బోస్టన్‌లో 1849లో జరిగిన జార్జ్ పార్క్‌మన్ హత్య. కొలిమిలో దొరికిన కట్టుడు పళ్లు తాను చేసినవేనని దంతవైద్యుడు నాథన్ కీప్ తన దగ్గరున్న అచ్చుతో నిరూపించాడు. 1897 మే 4న పారిస్‌లో ఒక సేవా సంతలో చెలరేగిన మంటలు 126 మందిని బలిగొన్నాయి. గుర్తుపట్టలేని దేహాల దగ్గరకు దంతవైద్యులను పిలిపించారు. ఆ అనుభవాలతో దంతవైద్యుడు ఆస్కార్ అమోయెదో మరుసటి ఏడాది రాసిన గ్రంథం ఈ శాస్త్రానికి పునాది అయింది.

తర్వాత పరిశోధన వయసు నిర్ణయం వైపు సాగింది. పంటి అరుగుదల, వేరు పారదర్శకత వంటి ఆరు మార్పుల నుంచి పెద్దల వయసును అంచనా వేసే పద్ధతిని 1950లో గుస్తాఫ్‌సన్ ఇచ్చాడు. పిల్లలకు 1973లో డెమిర్జియన్ పద్ధతి వచ్చింది. 2004 సునామీ తర్వాత థాయిలాండ్‌లో ఎందరో విదేశీ పర్యాటకులను పళ్లే పట్టిచ్చాయి. స్వదేశాల్లోని క్లినిక్‌లలో వారి ఎక్స్‌రేలు, చికిత్స వివరాలు భద్రంగా ఉండడమే అందుకు కారణం.

తెలుగు నేలపై పెద్ద ప్రమాదాల్లో భారం డీఎన్ఏపైనే పడుతోంది. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కాలిపోయి 45 మంది చనిపోయినప్పుడు, బంధువుల రక్త నమూనాలతో పోల్చి దేహాలను అప్పగించారు. అందాకా కుటుంబాలకు ఎదురుచూపులే మిగిలాయి. డీఎన్ఏకూ పన్ను అక్కరకొస్తుంది. డీఎన్ఏ దొరికే లోపలి గుజ్జును ఎనామెల్, దాని కింది పొర డెంటిన్ కాపాడతాయి.

2007లో సవరించిన బీడీఎస్ పాఠ్యప్రణాళికలో ఫోరెన్సిక్ దంతశాస్త్రానికి చోటు దక్కింది. నిజామాబాద్ శివారు మల్లారంలోనూ దంత కళాశాల ఉంది. అయితే చదువు ఒక్కటే చాలదు. పోల్చడానికి బతికున్నప్పటి వివరాలు కావాలి. నొప్పి ముదిరితే తప్ప డాక్టరు దగ్గరకు పోని బోధన్ చెరకు రైతుకు, గల్ఫ్‌కు వెళ్లే నిజామాబాద్ కూలీకి ఆ రికార్డు ఉండడం అరుదు. ప్రతి క్లినిక్ పళ్ల చార్టు, ఎక్స్‌రే దాచిపెడితేనే ఈ శాస్త్రం వారికీ అందుతుంది.