ప్లేటు ఫిరాయించడం

తొలకరి పడిందంటే మా అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచి నడుస్తుంటారు. వాన కడిగిన నేలలో వజ్రం తళుక్కుమంటుందని ఆశ. ఎవరికైనా రాయి దొరికిందా, బేరం మొదలు. "ఇదేం వజ్రమమ్మా, వట్టి గాజుపెంకు" అని తీసిపారేసిన పెద్దమనిషే, ఇంకొకాయన ధర పెంచేసరికి "మంచి రాయని ముందే అనుకుంటి, నాకే ఇయ్యి" అంటాడు. "చూడక్కా, ఎట్ల ప్లేటు ఫిరాయించినాడో!" అని ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు.

ఏమిటీ ప్లేటు? ఈ కాలపు పిల్లలు అన్నం తినే పళ్ళెం అనుకుంటారు. పళ్ళెం బోర్లిస్తే అన్నం నేలపాలవుతుంది గాని మాట మారదు కదండీ! ఇది గ్రామఫోను ప్లేటు. ఫిరాయించడమంటే తిప్పడం, హిందీ ఉర్దూల్లోని 'ఫిరానా' నుంచి వచ్చింది.

మన దేశంలో గౌహర్ జాన్ పాట రికార్డయింది 1902లో, కలకత్తాలో. అప్పటి ప్లేట్లకు పాట ఒకవైపే, రెండోవైపు బోడి. జర్మనీలోని ఓడియన్ కంపెనీ 1904లో రెండువైపులా పాటలున్న ప్లేట్లు తెచ్చింది. అవి వచ్చాకే గదా ఫిరాయించడానికి వీలు కలిగింది! లక్క కలిపి చేసిన ఆ నల్లని బిళ్ళ నిమిషానికి 78 చుట్లు తిరిగేది. మూడు నిమిషాలు దాటితే పాట సరి. కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యం వింటూ తన్మయులై ఉన్నప్పుడే సూది గరగరమనేది. ఎవరో ఒకరు లేచి ప్లేటు తిరగేసి, కీ ఇచ్చి, సూది పెట్టాలి. పెట్టె అదే, గొట్టం అదే, పాట మాత్రం వేరు. నోరు మారకుండా మాట మారడానికి ఇంతకన్నా సరైన పోలిక దొరుకుతుందా!

మాట తప్పడం వేరు. అది ఇచ్చిన వాగ్దానం నిలుపుకోకపోవడం. హరిశ్చంద్రుడి కాలం నుంచీ ఉన్నదే. ప్లేటు ఫిరాయించేవాడి దగ్గర రెండు పాటలూ ముందే సిద్ధంగా ఉంటాయి. అదే నాకు కోపం తెప్పించే సంగతి.

1984లో మన రాష్ట్రంలో ప్రభుత్వం కూలి, నెల తిరిగేసరికి మళ్ళీ నిలబడినప్పుడు పత్రికల నిండా ఫిరాయింపులే. మరుసటి ఏడే రాజ్యాంగాన్ని సవరించి ఫిరాయింపుల నిరోధక చట్టం చేశారు. ఇళ్ళలో ఫిరాయించేవాళ్ళకు ఆ బెదురు కూడా లేదు. కట్నం అడగడం 1961 నుంచి నేరమే. అయినా పెళ్ళిచూపుల్లో "పిల్ల నచ్చితే చాలు వదినా" అన్న నోటితోనే, లగ్నపత్రిక నాటికి స్కూటరూ, పది తులాలూ అంటారు.

అది విని పిల్ల "నాకీ సంబంధం వద్దు" అందనుకోండి. "మొన్న సరేనని ఇవాళ ప్లేటు ఫిరాయించింది" అని దాన్నే ఆడిపోసుకుంటారు. ఫిరాయించింది అవతలివాళ్ళు. పిల్ల రెండోవైపు పాట విన్నది, అంతే.