కోరంగి ఓడ, కళ్లజోడు పిట్ట

గచ్చిబౌలిలో నేనుండే ఇంటి వెనక ఒక మునగచెట్టు ఉంది. పూత మీదున్నప్పుడు దాని మీదికి బొటనవేలంత ఆకుపచ్చ పిట్టలు గుంపుగా దిగుతాయి. కంటి చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లటి వలయం. ఫ్రెంచివాళ్ళు ఈ జాతిని కళ్లజోడు పిట్టలంటారు. వీటి దూరపు చుట్టం ఒకటి మారిషస్ కొండ అడవుల్లో ఉంది, ఆ దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. పది గ్రాములు కూడా తూగదు. వంపు తిరిగిన ముక్కుతో పూలలో తేనె తాగుతుంది. 1817లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఇప్పుడు సొంత అడవిలో నూటయాభై జంటలు కూడా లేవు.

ఆ పిట్ట కథ చదువుతుంటే మధ్యలో మన కోరంగి తగిలింది.

మారిషస్‌లో బానిసత్వం 1835లో రద్దయింది. చెరకు తోటలకు మనుషులు కావాలి. అంతకు కొన్ని నెలల ముందే, 1834 నవంబరు 2న, 'అట్లాస్' ఓడ 36 మంది భారతీయుల్ని పోర్ట్ లూయీలో దించింది. 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది అలా వెళ్ళారు. 1839 నవంబరు తుఫానుకి కోరంగి రేవు ఊడ్చుకుపోయింది. నాలుగేళ్ళకి, 1843లో, దాని పేరే పెట్టుకున్న 'కొరింగా ప్యాకెట్' ఓడ తెలుగు కూలీల్ని ఎక్కించుకుని మారిషస్ చేరింది. అక్కడ మనవాళ్ళకి కోరంగీలనే పేరు పడిపోయింది.

చెరకు పెరిగింది, అడవి తరిగింది. డచ్చివాళ్ళు నల్ల చేవమాను కోసం మొదలుపెట్టిన నరుకుడు చెరకుతో దీవంతా పాకింది. ఈ రోజు మంచి స్థితిలో ఉన్న అసలు అడవి రెండు శాతం కన్నా తక్కువ. మిగిలిన దాంట్లో ఎలుకలూ కోతులూ గూళ్ళ మీద పడ్డాయి. 1970ల్లో మళ్ళీ కొంత కొండ అడవిని కొట్టేసి పైన్ చెట్లు నాటారు.

మన తాతలు గొడ్డలి పట్టారా? కొందరు పట్టే ఉంటారు. కానీ ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసినవాడిని ఏ చెట్టు కొట్టాలో ఎవరూ అడగలేదు. లెక్క అడగాల్సింది తోటల యజమానుల్ని అని నా అభిప్రాయం. అయినా ఆ పిట్ట గురించి చదివేటప్పుడు నాకు పూర్తిగా బయటివాడిలా అనిపించదు.

ఆ కూలీల మునిమనవలు ఉగాదిని ఆ దేశంలో ప్రభుత్వ సెలవు చేయించుకున్నారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే.

2025 ఉగాది మార్చి 30న వచ్చింది. అదే రోజు ఇక్కడ, విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో, ఐటీ పార్కు కోసమని 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చాయి. అడ్డుపడిన విద్యార్థుల్ని పోలీసులు పట్టుకుపోయారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరుకుడు ఆపించింది. అప్పటికే చాలా మేర నేల కనిపిస్తోంది.

మారిషస్ వాళ్ళు అడవిలోంచి గుడ్లు తెచ్చి, పొదిగించి, చేత్తో మేపి, 2006 నుంచి ఆ పిట్టల్ని ఎలుకలు లేని ఒక బుల్లి దీవిలో వదిలారు. కొంగల దీవి అని దాని పేరుకి అర్థం. దాని విస్తీర్ణం 26 హెక్టార్లు, అంటే మన లెక్కలో 64 ఎకరాలు. పూలు చాలవని అక్కడ ఈ రోజుకీ మనుషులే వాటికి మేత పెడుతున్నారు.