పీహెచ్‌డీ దరఖాస్తు నుంచి ఫెలోషిప్ దాకా: ఎస్సీ విద్యార్థులకు ఏ సాయం, ఎప్పుడు?

పుట్టపర్తి, కొత్తచెరువు, బుక్కపట్నం పల్లెల్లో పీజీ పూర్తిచేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని మొదట అడిగేది పరిశోధనాంశం గురించి కాదు. ‘అప్లికేషన్‌కు ఎంతవుతుందన్నా? సీటు రాకపోతే ఆ డబ్బు పోయినట్టేనా?’ అని అడుగుతారు. వానను నమ్మలేని ఈ కరువు సీమలో చెనక్కాయ పంట పోయిన ఏడాది ఇంట్లో వెయ్యి రూపాయలు అడగడం కూడా కష్టమే.

ఎస్సీ విద్యార్థులకు సాయం అసలే లేదనడం సరికాదు. ఉన్న సాయం డబ్బు కట్టాల్సిన రోజుకు చేతికి రాదు. మేము చూసిన అసలు సమస్య ఇదే. అందుకే ఇక్కడ పథకాలను డబ్బు అవసరమయ్యే వరుసలో ఇస్తున్నాం.

దరఖాస్తు చేసేటప్పుడు

ఫీజు మాఫీ వేరు, తగ్గింపు వేరు. మన దేశంలో ఎక్కువగా దొరికేది తగ్గింపే. యూజీసీ నెట్‌కు జనరల్ అభ్యర్థులు 1,150 రూపాయలు, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులు 600, ఎస్సీ, ఎస్టీ, వికలాంగ, ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులు 325 కడుతున్నారు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే తగ్గించిన ఫీజు కూడా ఒక రోజు కూలికి మించే ఉంది. బస్సు ఛార్జీలు, నెట్ సెంటర్ ఖర్చు దీనికి అదనం.

2024-25 నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకు నెట్ స్కోరును వాడుకునే వీలును యూజీసీ కల్పించింది. జేఆర్ఎఫ్ రానివారికి నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. పీహెచ్‌డీ ప్రవేశానికి ఆ స్కోరు ఏడాదిపాటు చెల్లుతుంది. కాబట్టి చేతిలో ఉన్నది ఒక్క పరీక్ష ఫీజుకే సరిపోతే ముందు నెట్‌కు కట్టండి. 

విదేశాలకు వెళ్లాలనుకునేవారికి ఒక జాగ్రత్త. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఒక్కో దరఖాస్తుకు 75 డాలర్లు, అంతకు పైనే తీసుకుంటాయి. కొన్ని మాఫీ ఇస్తాయి కానీ అడిగితేనే. కుటుంబ ఆదాయాన్ని రెండు వాక్యాల్లో వివరిస్తూ, ఫీజు కట్టకముందే ప్రవేశాల విభాగానికి మెయిల్ రాయండి. కట్టిన డబ్బు సాధారణంగా వెనక్కి రాదు. జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్ వంటి దేశాల్లో పీహెచ్‌డీ చాలావరకు జీతమిచ్చే ఉద్యోగం. అలాంటి పోస్టులకు దరఖాస్తు ఫీజు ఉండదు.

చేరేటప్పుడు

కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల లోపు ఉంటే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు అర్హులు. ఇందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. అర్హులైనవారు ముందుగా ఫీజు కట్టకుండానే చేరేందుకు ఫ్రీషిప్ కార్డు ఏర్పాటు కూడా ఉంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు. గ్రామ సచివాలయంలో ముందే దరఖాస్తు పెట్టుకోండి. ఫీజు బాకీ పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు. వాటిని అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది.

పుట్టపర్తిలో 1981లో మొదలైన శ్రీ సత్యసాయి ఉన్నత విద్యా సంస్థ ట్యూషన్ ఫీజు తీసుకోదు. అయితే పరిశోధనకు ఐదేళ్లు పడుతుంది. ఫీజు లేనంత మాత్రాన ఇల్లు గడవదు.

నెలనెలా

ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైంది. ఏటా 2,000 మందికి ఇస్తారు. 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. హెచ్‌ఆర్‌ఏ, కంటింజెన్సీ వేరు. గరిష్ఠంగా ఐదేళ్లు వస్తుంది. 2022 అక్టోబరు నుంచి దీన్ని యూజీసీకి బదులు జాతీయ షెడ్యూల్డ్ కులాల ఆర్థిక, అభివృద్ధి సంస్థ చూస్తోంది.

ఈ ఫెలోషిప్ రానివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ ఫెలోషిప్ ఉంది. 2015 అక్టోబరులో దాన్ని ఎత్తేయబోతే విద్యార్థులు ‘ఆక్యుపై యూజీసీ’ ఉద్యమంతో నిలబెట్టుకున్నారు. కానీ శ్రీకృష్ణదేవరాయ వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అది వర్తించదు. మన పల్లెల పిల్లలు ఎక్కువగా చేరేది అక్కడే.

విదేశాల్లో చదివేవారికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. మొత్తం 125 స్థానాల్లో 115 ఎస్సీలవి. ఆదాయ పరిమితి 8 లక్షలు, వయసు 35 లోపు. 2022లో మార్చిన నిబంధనలు భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజంపై చేసే పరిశోధనలను ఈ పథకం నుంచి తప్పించాయి. కులంపై విదేశంలో పరిశోధన చేయాలనుకునే దళిత విద్యార్థికి దీంతో తలుపు మూసేశారు. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే మంజూరు పత్రాలిచ్చారు. మిగిలినవారిని నిధుల కోసం ఆగమన్నారు.

డబ్బు ఆగినప్పుడు

మాలో ఒకరు ఫెలోషిప్ మంజూరయ్యాక కూడా నెలల తరబడి మెస్ బాకీతో, వడ్డీ అప్పుతో నెట్టుకొచ్చారు. ఇది ఒక్కరి కథ కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. ఏడు నెలల ఫెలోషిప్, 1.75 లక్షల రూపాయలు తనకు ఇంకా రావాల్సి ఉందని ఆఖరి లేఖలో రాశాడు. అంబేడ్కర్ అంతటివాడు కూడా బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. మళ్లీ వెళ్లగలిగింది 1920లోనే.

కాబట్టి హాజరు, ప్రగతి నివేదికల నకళ్లు మీ దగ్గర పెట్టుకోండి. ఆలస్యం గురించి నోటితో అడిగి ఊరుకోకుండా రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఆ దరఖాస్తుకు 10 రూపాయల రుసుము కూడా ఉండదు. కులవివక్ష ఉందనిపిస్తే జాతీయ ఎస్సీ కమిషన్‌కు ఫిర్యాదు చేయండి.

మేము కోరేవి మూడు. పరిశోధన ప్రవేశాల్లో ఎస్సీ, ఎస్టీలకు దరఖాస్తు ఫీజు పూర్తిగా ఎత్తేయాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధకులకూ నెలవారీ ఫెలోషిప్ ఇవ్వాలి. ఉద్యోగి జీతంలాగే ఫెలోషిప్ కూడా ప్రతి నెలా మొదటి తేదీన ఖాతాలో పడాలి.