నెమ్మదించిన తెర వెనుక చరిత్ర: లినక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ల వికాసం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• లినక్స్ డెస్క్‌టాప్‌లో తెర నెమ్మదించడానికి గల చారిత్రక కారణాలను వివరించగలుగుతారు.
• డ్రైవర్ల విషయంలో తయారీ కంపెనీల వైఖరి ఎలా మారిందో కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• లోపం ఏ అంచెలో ఉందో వరుసగా పరీక్షించి తెలుసుకోగలుగుతారు.

1. పరిచయం

కొత్తగా లినక్స్ వేసిన కంప్యూటర్‌లో ఒక విండోను మౌస్‌తో పట్టి లాగితే అది తడబడుతూ కదులుతుంది. వీడియో ఆగి ఆగి నడుస్తుంది. ఫ్యాను చప్పుడు పెరుగుతుంది. ఇది చూసి కొందరు యంత్రం పాతదైపోయిందనుకుంటారు. మరికొందరు ఉచితంగా వచ్చినది ఇంతేనని సరిపెట్టుకుంటారు. రెండూ తొందరపాటు నిర్ణయాలే. బాగా పనిచేయగల యంత్రాలు ఇలాంటి నిర్ణయాలవల్లే మూలకు చేరతాయి. చాలా సందర్భాల్లో గ్రాఫిక్స్ చిప్ బాగానే ఉంటుంది. దానికి తగిన డ్రైవర్ పనిచేస్తూ ఉండదు. ఎందుకు ఉండదో తెలియాలంటే నాలుగు దశాబ్దాల వెనక్కి వెళ్లాలి.

2. పునాదులు (1984–1995)

లినక్స్ తెరకు పునాది అయిన ఎక్స్ విండో వ్యవస్థ 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రూపుదిద్దుకుంది. దాని 11వ వెర్షన్ 1987లో వచ్చింది. ఆనాటి తెరమీద ప్రధానంగా గీతలు, పెట్టెలు, అక్షరాలు ఉండేవి. ఆ పనికి ప్రాసెసర్ శక్తి సరిపోయేది.

1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను విడుదల చేశారు. 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ త్రిమితీయ చిత్రాల కోసం ఓపెన్‌జీఎల్ ప్రమాణాన్ని ప్రకటించింది. 1993లో బ్రయాన్ పాల్ మెసా అనే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టి 1995లో విడుదల చేశారు. ప్రత్యేకమైన చిప్ లేకపోయినా ఓపెన్‌జీఎల్ పనిని ప్రాసెసర్ చేతనే చేయించడం మెసా ప్రత్యేకత. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి: చిప్ చేయవలసిన పనిని ప్రాసెసర్ చేస్తే బొమ్మ సరిగానే వస్తుంది, కాని ఆలస్యంగా వస్తుంది.

3. తెరవని తలుపులు

డ్రైవర్ రాయాలంటే చిప్ ఏ ఆదేశానికి ఎలా స్పందిస్తుందో తెలియాలి. ఆ వివరాలను తయారీదారులు వ్యాపార రహస్యాలుగా దాచారు. విండోస్‌కు డ్రైవర్లను కంపెనీలే రాసి ఇచ్చేవి. లినక్స్ వాడేవారి సంఖ్య తక్కువ కావడంతో ఆ శ్రద్ధ చూపలేదు. ఎన్విడియా లినక్స్‌కు డ్రైవర్ ఇచ్చినా, ప్రధాన భాగానికి సోర్సు కోడు ఇవ్వలేదు. కెర్నల్ మారి ఆ డ్రైవర్ పనిచేయడం మానేస్తే బయటివారికి దాన్ని బాగుచేయడం కష్టంగా ఉండేది.

కంపెనీలు మూడు దారుల్లో నడిచాయి. ఇంటెల్ తన చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్లు రాయించింది. 2006లో ఏటీఐని కొన్న ఏఎండీ, 2007లో చిప్ వివరాల పత్రాలను బయటపెడతామని ప్రకటించింది. ఎన్విడియా విషయంలో మాత్రం స్వచ్ఛంద ప్రోగ్రామర్లు చిప్ ప్రవర్తనను గమనించి, ఊహించి, నూవో డ్రైవర్‌ను రాశారు. 2010లో అది కెర్నల్‌లో చేరింది. 2014 తరవాతి చిప్‌లు కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌ను మాత్రమే అంగీకరించడంతో, చాలా చిప్‌ల వేగాన్ని పెంచడం నూవోకు సాధ్యం కాలేదు. అంటే డ్రైవర్ ఉన్నా చిప్ తక్కువ వేగంలోనే ఉండిపోయింది. 2012లో ఫిన్లాండ్‌లోని ఒక సభలో టోర్వాల్డ్స్ ఎన్విడియాను బహిరంగంగా దుయ్యబట్టారు. ఆ కంపెనీ తన కొత్త చిప్‌ల కెర్నల్ భాగపు సోర్సు కోడును 2022లో బయటపెట్టింది.

4. హంగులు పెరిగిన డెస్క్‌టాప్

2006 ప్రాంతంలో కాంపిజ్ వంటి ప్రోగ్రాములు ప్రతి విండోను విడిగా గీసి, గ్రాఫిక్స్ చిప్‌తో కలిపి చూపడం మొదలుపెట్టాయి. 2011లో వచ్చిన గ్నోమ్ 3 డెస్క్‌టాప్ ఇదే పద్ధతిని ఆధారం చేసుకుంది. చిప్ సాయం లేని యంత్రాలకు మొదట్లో సాదా రూపం ఒకటి ఉండేది. 2013లో దాన్ని తీసేశారు. అప్పటినుంచి అలాంటి యంత్రాల్లో మెసాలోని ఎల్‌ఎల్‌వీఎంపైప్, అన్ని హంగులనూ ప్రాసెసర్‌తోనే గీయిస్తోంది. పరిచయంలో చూసిన తడబాటుకు తరచుగా మూలం ఇదే.

5. పరీక్షించే క్రమం

(అ) టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశాన్ని ‘-కె’ ఎంపికతో నడపండి. చిప్ పేరు, వాడుకలో ఉన్న డ్రైవర్ పేరు కనిపిస్తాయి.

(ఆ) జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో ఆదేశంతో రెండరర్ పేరు చూడండి. చిప్ పేరు ఉండవలసిన చోట ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే, పని ప్రాసెసర్ మీద పడినట్లే.

(ఇ) బూట్ ఎంపికల్లో ‘నోమోడ్‌సెట్’ మిగిలిపోయిందేమో చూడండి. 2009 నుంచి తెర అమరిక క్రమంగా కెర్నల్ చేతికి వచ్చింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర రాకపోతే ఈ మాటతో ఆ ఏర్పాటును ఆపుతారు. తరవాత తొలగించడం మరిస్తే అసలు డ్రైవర్ పనిచేయదు.

(ఈ) కెర్నల్ సందేశాల్లో ఫర్మ్‌వేర్ దొరకలేదన్న వాక్యం ఉందేమో వెతకండి. స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను డెబియన్ తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చేది కాదు. 2022లో సభ్యుల ఓటింగ్ జరిగాక, 2023 నాటి 12వ వెర్షన్‌తో చేర్చింది.

(ఉ) ఇవన్నీ సరిగా ఉండి కూడా నెమ్మదిగా ఉంటే, అప్పుడు మాత్రమే యంత్రం శక్తిని అనుమానించండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన డెస్క్‌టాప్ వేసి చూడండి.

6. సారాంశం

సోర్సు కోడు అందరికీ తెరిచి ఉండటం ఒక్కటే చాలదు. ఆ కోడు నడపవలసిన పరికరం వివరాలు కూడా తెలియాలి. వివరాలు ఇచ్చిన కంపెనీల చిప్‌లకు మంచి డ్రైవర్లు వచ్చాయి. ఇవ్వని చోట వాడకందారులు సంవత్సరాల తరబడి నష్టపోయారు. పరికరం కొనేముందు దానికి ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉందా అని విచారించడం ఈ చరిత్ర మనకు నేర్పే ఆచరణాత్మక పాఠం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మెసా చిత్రాన్ని సరిగా చూపినా ఆలస్యం ఎందుకు అవుతుంది?
2. ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియాల వైఖరులను పోల్చి రాయండి.
3. మీకు అందుబాటులో ఉన్న ఒక లినక్స్ కంప్యూటర్‌లో (అ), (ఆ) పరీక్షలు జరిపి ఫలితాలను నమోదు చేయండి.