ఆల్ప్స్ ‘ఎత్తైన దారి’: గైడ్లు, ఆశ్రయ గృహాలు, స్కీ యాత్రల చరిత్ర

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• షామొనీ – జెర్మాట్ స్కీ యాత్రా మార్గం ఏర్పడిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• పర్వత గైడ్ వృత్తి ఒక సంస్థగా ఎలా రూపొందిందో తెలుసుకుంటారు.
• ఆశ్రయ గృహాలు, స్కీ సాధనాలు, హిమ విజ్ఞానం ఈ యాత్రలను ఎలా మార్చాయో విశ్లేషించగలుగుతారు.
• పర్వత యాత్రల చరిత్రకు ఆధారాలను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1. విషయ పరిచయం

ఫ్రాన్స్‌లోని షామొనీ, స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ ఆల్ప్స్ పర్వతాల నడుమ ఉన్న చిన్న పట్టణాలు. మొదటిది మౌంట్ బ్లాంక్ శిఖరం పాదాన, రెండవది మాటర్‌హార్న్ శిఖరం పాదాన ఉన్నాయి. ఈ రెండింటి మధ్య కనుమలు, హిమానీనదాలు, నిటారు మంచు వాలులు ఉన్నాయి. వీటి గుండా సాగే మార్గాన్ని ఫ్రెంచి భాషలో ‘హోట్ రూట్’ అంటారు. దీనికి ‘ఎత్తైన దారి’ అని అర్థం.

ప్రతి సంవత్సరం మార్చి నెల మధ్య నుంచి మే మొదటి వారం వరకు చిన్న చిన్న బృందాలు గైడ్ వెంట ఈ దారిలో స్కీలపై ప్రయాణిస్తాయి. స్కీలు అంటే మంచు మీద జారడానికి బూట్లకు బిగించుకునే పొడవాటి బద్దలు. యాత్ర సాధారణంగా ఆరు లేక ఏడు రోజులు పడుతుంది. దారిలో ఎక్కువ రాత్రులు కొండ మీది ఆశ్రయ గృహాలలోనే బస చేస్తారు.

ఈ దారిని ఎవరు కనుగొన్నారు అని అడిగితే చాలా పుస్తకాలు కొందరు సంపన్న యాత్రికుల పేర్లు చెబుతాయి. అయితే వారికి ముందు నడిచి మంచులో బాట వేసినవారు, ఆశ్రయాలు కట్టి నడిపినవారు, ప్రమాదంలో మొదట ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఆ లోయల్లోని రైతులు, పశువుల కాపరులు, వారి సంతతి. కనుక ఈ మార్గ చరిత్రను కొందరి సాహస గాథగా కాక, శ్రమకూ నమ్మకానికీ సంబంధించిన సామాజిక చరిత్రగా చదవాలి. ఈ పాఠం ప్రధానంగా చెప్పేది ఇదే.

2. గైడ్ వృత్తి ఆవిర్భావం

1786 ఆగస్టు 8న జాక్ బల్మా, మిషెల్ గాబ్రియెల్ పకార్ అనే ఇద్దరు షామొనీ వాసులు మౌంట్ బ్లాంక్ శిఖరాన్ని మొదటిసారి అధిరోహించారు. పకార్ వైద్యుడు. బల్మా కొండల్లో స్ఫటికాలు ఏరి అమ్ముకుని జీవించేవాడు. ఆ తరువాత శాస్త్రజ్ఞులు, విదేశీ సంపన్నులు షామొనీకి రావడం పెరిగింది. దారి తెలిసిన స్థానికులకు ఇది కొత్త జీవనాధారం అయింది.

1820లో డాక్టర్ హామెల్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుని బృందం మౌంట్ బ్లాంక్ ఎక్కుతుండగా మంచు చరియ విరిగిపడింది. ముగ్గురు గైడ్లు హిమానీనదపు పగులులో పడి మరణించారు. వాతావరణం బాగాలేదని గైడ్లు సంకోచించినా యాత్రికులు ముందుకే మొగ్గు చూపారని ఆనాటి కథనాలు తెలుపుతున్నాయి. హిమానీనదం నిలకడగా ఉండదు, చాలా నెమ్మదిగా కిందికి కదులుతూ ఉంటుంది. అందువల్ల 41 ఏళ్ల తరువాత, 1861లో, ఆ గైడ్ల అవశేషాలు బొస్సాన్ హిమానీనదం దిగువ భాగంలో బయటపడ్డాయి.

ఈ ప్రమాదం తరువాత 1821లో షామొనీ గైడ్ల సంఘం ఏర్పడింది. దీనిలో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది సహాయ నిధి. గాయపడిన గైడ్లను, మరణించిన గైడ్ల కుటుంబాలను ఆదుకోవడానికి సభ్యులు ఈ నిధిని ఏర్పరచుకున్నారు. రెండవది వంతు పద్ధతి. వచ్చిన పనిని గైడ్లందరికీ వరుస ప్రకారం పంచేవారు. తమకు నచ్చిన గైడ్‌ను ఎంచుకోవాలనుకున్న ఆంగ్ల యాత్రికులు ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించారు. సమర్థునికి, సామాన్యునికి తేడా లేకుండా పోతోందన్నది వారి వాదన. పని అందరికీ దక్కాలన్నది గ్రామస్థుల వాదన. ఈ వివాదంలో రెండు దృక్పథాలు ఎదురెదురుగా కనిపిస్తాయి. యాత్రికునికి పర్వతం విహార స్థలం, గైడ్‌కు అది పని చోటు.

1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం మాటర్‌హార్న్‌ను తొలిసారి అధిరోహించింది. దిగి వస్తుండగా తాడు తెగి ఏడుగురిలో నలుగురు మరణించారు. వారిలో మిషెల్ క్రో అనే షామొనీ గైడ్ ఒకడు. ప్రాణాలతో బయటపడిన ముగ్గురిలో ఇద్దరు జెర్మాట్‌కు చెందిన తౌగ్‌వాల్డర్ తండ్రీకొడుకులు. విచారణలో తండ్రి తౌగ్‌వాల్డర్ దోషి అని తేలలేదు. అయినా తాడు విషయంలో అనుమానం అతనిని చాలాకాలం వెంటాడింది. ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న అప్పటి నుంచి ఈ వృత్తిని వదలలేదు.

3. ఆశ్రయ గృహాలు

ఒకే రోజులో దాటలేని పర్వత మార్గానికి రాత్రి బస అవసరం. ఆల్ప్స్‌లో ఈ సంప్రదాయం పాతదే. 11వ శతాబ్దంలో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమపై బెర్నార్డ్ అనే మతాధికారి స్థాపించిన ధర్మశాల బాటసారులను ఆదుకునేది. మన ప్రాంతాల్లో పుణ్యక్షేత్రాల దారుల వెంట దాతలు కట్టించిన సత్రాలతో దీనిని పోల్చవచ్చు.

ఆధునిక ఆశ్రయ గృహాలను కట్టించినవి పర్వతారోహణ సంఘాలు. 1857లో లండన్‌లో ఆల్పైన్ క్లబ్, 1863లో స్విస్ ఆల్పైన్ క్లబ్, 1874లో ఫ్రెంచ్ ఆల్పైన్ క్లబ్ ఏర్పడ్డాయి. స్విస్ సంఘం స్థాపించిన ఏడాదిలోనే తన మొదటి ఆశ్రయ గృహాన్ని కట్టింది. నేడు ఆ సంఘం అధీనంలో సుమారు 150 గృహాలు ఉన్నాయి. ఎత్తైన దారి పరిసరాలలోని షాన్‌రియోన్ గృహం 1890 నాటిది, బెర్టోల్ గృహం 1898 నాటిది. బెర్టోల్ 3,300 మీటర్లకు పైగా ఎత్తున, రాతి గుట్ట మీద ఉంది. చివరి భాగాన్ని నిచ్చెనల సాయంతో ఎక్కాలి.

ఆశ్రయ గృహం హోటల్ కాదు. పెద్ద గదిలో వరుసగా పరచిన పరుపుల మీద అందరూ కలిసి పడుకుంటారు. తాగునీటి కోసం తరచుగా మంచును కరిగించాలి. నిర్వాహకుడు వంట చేస్తాడు, వాతావరణ సమాచారం చెబుతాడు, ఎవరైనా సమయానికి చేరకపోతే సహాయ బృందాలకు కబురు పంపుతాడు. నిర్వాహకుడు లేని కాలంలో కూడా చాలా గృహాలలో ఒక గదిని తెరిచి ఉంచుతారు. ఆపదలో ఉన్నవారికి తలుపు మూయరాదన్న పాత ధర్మశాల నియమం ఇక్కడ ఇంకా కొనసాగుతోంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) షామొనీ గైడ్ల సంఘం ఏ సంఘటన తరువాత ఏర్పడింది?
ఆ) వంతు పద్ధతి అంటే ఏమిటి? దానిని ఎవరు, ఎందుకు వ్యతిరేకించారు?

4. స్కీ ఆల్ప్స్‌ను చేరడం

1860ల ఆరంభంలో ఆల్పైన్ క్లబ్ సభ్యులు స్థానిక గైడ్లతో కలిసి షామొనీ నుంచి జెర్మాట్ వరకు ఎత్తైన కనుమల గుండా ఒక మార్గాన్ని రూపొందించారు. అది వేసవి కాలపు కాలినడక దారి. శీతాకాలంలో లోతైన మంచు వల్ల ఆ కనుమలు మూసుకుపోయేవి. అప్పట్లో లోయల్లోని గైడ్లకు అది సంపాదన లేని కాలం.

స్కీల వాడకం నార్వే, స్వీడన్ వంటి ఉత్తర దేశాలలో వేల ఏళ్ల నాటిది. 1888లో నార్వే అన్వేషకుడు ఫ్రిడ్‌జాఫ్ నాన్‌సెన్ స్కీలపై గ్రీన్‌లాండ్‌ను దాటాడు. ఆ యాత్రపై అతడు రాసిన పుస్తకం మధ్య ఐరోపాలో స్కీల పట్ల ఆసక్తి పెంచింది. ఆస్ట్రియాలో మథియాస్ జ్దార్‌స్కీ నిటారు కొండ వాలులకు తగిన బిగింపులను, మలుపు తిరిగే పద్ధతిని రూపొందించాడు. 1897లో విల్‌హెల్మ్ పౌల్కె బృందం స్విట్జర్లాండ్‌లోని బెర్నీస్ ఓబర్‌లాండ్ హిమానీనదాలను స్కీలపై దాటింది. ఎత్తైన పర్వతాలలో శీతాకాల ప్రయాణం సాధ్యమేనని దీనితో రుజువయింది.

షామొనీలో స్కీలను ప్రచారం చేసినవాడు డాక్టర్ మిషెల్ పయో. మంచు కాలంలో రోగుల ఇళ్లకు వెళ్లడానికి అతడు స్కీలు వాడేవాడు. 1903 జనవరిలో పయో, జోసెఫ్ రవనెల్ వంటి స్థానిక గైడ్లతో కలిసి షామొనీ నుంచి జెర్మాట్‌కు స్కీలపై బయలుదేరాడు. గ్రాండ్ కొంబాన్ శిఖరాల వద్ద వారు ఎత్తైన దారిని వదిలి లోయల గుండా చుట్టి వెళ్లారు. 1911 జనవరిలో జెనీవాకు చెందిన రోజె, యువకుడైన మార్సెల్ కుర్జ్ కలిసి గైడ్ల సాయంతో బూర్గ్ సెయింట్ పియెర్ నుంచి ఎత్తైన కనుమల మీదుగా జెర్మాట్ చేరారు. తరువాత కుర్జ్ రాసిన మార్గదర్శక గ్రంథాలు స్కీ యాత్రికులకు ఎంతో ఉపయోగపడ్డాయి.

స్కీలతో కిందికి జారడం ఎలా సాధ్యమో తేలికగానే అర్థమవుతుంది. పైకి ఎక్కడం ఎలా? ఇందుకు స్కీల అడుగున సీల్ జంతువు చర్మపు పట్టీలు కట్టేవారు. ఆ చర్మం మీది వెంట్రుకలు ఒకే దిశలో ఒరిగి ఉంటాయి. అందువల్ల స్కీ ముందుకు జారుతుంది కానీ వెనక్కు జారదు. నేడు నైలాన్‌తోను, అంగోరా మేక ఉన్నితోను తయారైన పట్టీలు వాడుతున్నారు. సూత్రం మాత్రం అదే.

5. నేటి యాత్రా విధానం

ఈ యాత్రకు వసంత కాలాన్ని ఎంచుకోవడానికి కారణాలు ఉన్నాయి. అప్పటికి మంచు కొంత గట్టిపడుతుంది. హిమానీనదాల పగుళ్లపై మంచు వంతెనల్లా పేరుకుని ఉంటుంది. పగటి సమయం ఎక్కువ. ఆశ్రయ గృహాలలో నిర్వాహకులు ఉంటారు. అయితే ఎండ ఎక్కేకొద్దీ మంచు మెత్తబడి చరియలు విరిగిపడే ముప్పు పెరుగుతుంది. అందువల్ల బృందం తెల్లవారకముందే బయలుదేరి, వీలైనంతవరకు మధ్యాహ్నంలోగా తదుపరి గృహానికి చేరుకుంటుంది.

సాధారణంగా ఒక గైడ్ వెంట ఆరుగురి వరకు ఉంటారు. పగుళ్లున్న చోట అందరినీ ఒకే తాడుకు కడతారు. నిటారు వాలుపై ఒక్కొక్కరినే దాటిస్తారు. ప్రతి ఒక్కరి దగ్గర సంకేత పరికరం, పార, మడిచే పొడవాటి కడ్డీ ఉండాలి. మంచులో కూరుకుపోయిన మనిషిని వీటితోనే వెతికి, తవ్వి బయటకు తీస్తారు. సహాయ బృందం వచ్చేదాకా ఆగితే చాలా సందర్భాల్లో ఆలస్యమవుతుంది. కాబట్టి పక్కనున్న సహయాత్రికుడే మొదటి రక్షకుడు. గైడ్ మొదటి రోజునే ఈ పరికరాల వాడకంపై అందరిచేత సాధన చేయించడానికి కారణం ఇదే.

6. ప్రమాదం, విజ్ఞానం, బాధ్యత

మంచు గురించిన స్థానిక అనుభవ జ్ఞానానికి 20వ శతాబ్దంలో శాస్త్ర పరిశోధన తోడయింది. 1930లలో స్విట్జర్లాండ్‌లోని దావోస్ పైనున్న కొండలపై హిమ పరిశోధన మొదలైంది. 1945 నుంచి అక్కడి సంస్థ మంచు చరియల హెచ్చరికలు వెలువరిస్తోంది. 1993లో ఐరోపా దేశాలు ఐదు స్థాయిల ఉమ్మడి ప్రమాద సూచికను అంగీకరించాయి. 1965లో ఆస్ట్రియా, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ దేశాల గైడ్లు అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించారు. గైడ్ల శిక్షణకు ఉమ్మడి ప్రమాణాలు ఏర్పడటానికి ఇది తోడ్పడింది.

అయినా ప్రమాదం తొలగిపోలేదు. స్విస్ సైన్యం 1943లో ఈ మార్గంలో జెర్మాట్ నుంచి వెర్బియె వరకు ‘హిమానీనదాల గస్తీ’ అనే స్కీ పందెం ప్రారంభించింది. 1949లో ముగ్గురు పోటీదారులు పగులులో పడి మరణించడంతో దానిని నిషేధించారు. 1984లో మాత్రమే అది తిరిగి మొదలైంది. 2018 ఏప్రిల్ చివరలో విగ్నెట్ ఆశ్రయ గృహం సమీపంలో 14 మంది స్కీ యాత్రికులు తుపానులో దారి కనబడక రాత్రంతా బయటే చిక్కుకున్నారు. వారిలో ఏడుగురు మరణించారు. మృతులలో ఒక గైడ్ కూడా ఉన్నాడు. వారు ఆగిపోయిన చోటు నుంచి ఆశ్రయ గృహం ఒక కిలోమీటరు దూరం కూడా లేదు.

ముందస్తు చెల్లింపులు, సెలవుల గడువు, తదుపరి గృహంలో కేటాయించిన పడక, ఇవన్నీ ముందుకు సాగాలన్న ఒత్తిడి పెంచుతాయి. 1820లో సంకోచించిన గైడ్లకు ఎదురైన చిక్కు రూపం మార్చుకుని నేటికీ ఉంది. వెనుదిరుగుదామని చెప్పగల అధికారం గైడ్‌కు ఉండటం, ఆ మాటను యాత్రికులు మన్నించడం ఈ వృత్తికి పునాది.

7. ఆధారాల పరిశీలన

19వ శతాబ్దపు గైడ్ వద్ద ఒక చిన్న పుస్తకం ఉండేది. యాత్ర ముగిశాక యాత్రికుడు అందులో గైడ్ గురించి తన అభిప్రాయం రాసేవాడు. కొత్త యాత్రికులు దానిని చదివి పని ఇచ్చేవారు. చరిత్రకారులకు ఇవి విలువైన ఆధారాలు. తేదీలు, మార్గాలు, పేర్లు వీటిలో దొరుకుతాయి. కానీ వీటిలో గైడ్ గొంతు వినిపించదు. యజమాని గురించి గైడ్ ఏమనుకున్నాడో రాయడానికి ఆ పుస్తకంలో చోటు లేదు. క్రిస్టియన్ క్లుకెర్ అనే స్విస్ గైడ్ రాసిన ఆత్మకథ వంటివి అరుదు. కాబట్టి యాత్రికుల గ్రంథాలతో పాటు ఆశ్రయ గృహాల సందర్శకుల పుస్తకాలు, గైడ్ల సంఘాల దస్త్రాలు, విచారణ పత్రాలు కూడా కలిపి చదవాలి.

8. సారాంశం

షామొనీ – జెర్మాట్ మార్గం ఏ ఒక్కరి ఆవిష్కరణా కాదు. 1821 నాటి గైడ్ల సంఘం, 1863 తరువాత విస్తరించిన ఆశ్రయ గృహాలు, ఉత్తర దేశాల నుంచి వచ్చిన స్కీలు, 20వ శతాబ్దపు హిమ విజ్ఞానం కలిసి దానిని సాధ్యం చేశాయి. 2019లో యునెస్కో ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్‌ల పర్వతారోహణ సంప్రదాయాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మరోవైపు 2022, 2023 సంవత్సరాల్లోనే స్విస్ హిమానీనదాలు సుమారు 10 శాతం మంచును కోల్పోయాయి. మంచు తగ్గిన చోట పాత దారులు మారుతున్నాయి. ఏ వాలు ఏ రోజు సురక్షితమో నిర్ణయించే పని గైడ్లకు మరింత కష్టమవుతోంది.

9. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పర్వత గైడ్ వృత్తి ఒక సంస్థగా రూపొందిన క్రమాన్ని వివరించండి.
2. ‘ఎత్తైన దారి చరిత్ర శ్రమకూ నమ్మకానికీ సంబంధించిన చరిత్ర.’ చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆశ్రయ గృహాల ప్రాముఖ్యం.
2. చారిత్రక ఆధారాలుగా గైడ్ల పుస్తకాల పరిమితులు.

III. అభ్యాస కృత్యం
2014 మేలో తెలంగాణ విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. ఆనాటి తెలుగు పత్రికల వార్తలను మీ సమీప గ్రంథాలయంలో చదవండి. వారి వెంట నడిచిన షెర్పాల గురించి ఆ వార్తలు ఎంత చెప్పాయో, ఏమి చెప్పలేదో ఒక పేజీలో రాయండి.