బడిలో వండిన అన్నం
1995 ఆగస్టు 15న కేంద్రం ప్రాథమిక పాఠశాలల పిల్లలకు పోషకాహార పథకం ఆరంభించింది. అయితే పలు రాష్ట్రాలు అన్నం వండిపెట్టక, నెలకు తలా 3 కిలోల బియ్యమో గోధుమలో ఇచ్చి ఊరుకున్నాయి. ఇంటికి చేరిన గింజలు కుటుంబమంతటికీ పంపకమయ్యేవి. బిడ్డ వంతుకు మిగిలేది స్వల్పం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడిలో వండిన భోజనమే పెట్టాలనీ, అందులో కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలనీ ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో అది అమలైంది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం దానిని హక్కుగా గుర్తించింది.

అయితే ధరలతోపాటు వంట ఖర్చుకిచ్చే సొమ్ము పెరగనప్పుడు, పళ్లెంలో మొదట పలుచబడేది పప్పే. ఎదిగే వయసులో లోపించిన పోషణను తరువాత పూడ్చడం కష్టం. కనుక బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ ఈ కేటాయింపు ఎంతో మనం అడగాలి.